పిడికిలి రామ్‌దాస్, పాదాల బెల్లం

రామ్‌దాస్ కుడిచేతి గురించి మంజీర ఒడ్డున చెప్పుకునే మాటల్లో సగం నమ్మదగ్గవి కావు. మిగతా సగం నమ్మితే ఇంకా ప్రమాదం. ఒకసారి కోపంలో గానుగ మోటారును గుద్దితే అది మూడు రోజులు ఉల్టా తిరిగిందనీ, పిండిన రసమంతా మళ్లీ చెరుకులోకి ఎక్కిందనీ బోధన్ బస్టాండులో తల మీద చెయ్యి పెట్టుకుని చెప్పేవాళ్లున్నారు. హోలీ తెల్లవారి పళ్ల డాక్టరు ఒకాయన దవాఖానా ముందు షామియానా వేయించి, రామ్‌దాస్ ఇంటికి పూలదండ పంపేవాడనీ అంటారు. అవన్నీ కోతలే అనుకున్నా, వాడి తోటి పనివాడు రాజనర్సు నోట్లో పైవరస పళ్లు మూడు లేకపోవడం మాత్రం నిజం. మూడు హోలీలు, మూడు పళ్లు.

మంజీర ఒడ్డున వాళ్ల ఊళ్లో హోలీనాడు పొద్దున రంగులు, సాయంత్రం పిడిగుద్దులు. ఊరి నడుమ రెండు గుంజలు పాతి నడుమెత్తున మొద్దు తాడు కడతారు. తాడుకు అటొక వరస, ఇటొక వరస. ప్రతివాడికీ ఎదురుగా ఒక జోడీ ఉంటాడు. ఎడమచెయ్యి తాడు మీద, కుడిచెయ్యి జోడీ ముఖం మీద. డప్పు మోగినంతసేపూ గుద్దులే. డప్పు ఆగిందా, అదే ముఖాన్ని గుండెకు అదుముకుని, కారే నెత్తురు మీద కాముని దహనం బూడిద అద్ది, భుజాల మీద చేతులేసుకుని ఇళ్లకు పోతారు. తాడు వదిలినవాణ్ని కొట్టకూడదు. తాడు లేకుండా అసలే కొట్టకూడదు. మర్నాడు ఆ మాట ఎత్తకూడదు. అది పగ నెత్తురు కాదు, ఊరు బాగుండాలని దేవుడికిచ్చే నెత్తురు. రామ్‌దాస్‌కు మీసం మొలిచినప్పటి నుంచీ జోడీ రాజనర్సే.

ఇద్దరూ పనిచేసేది విఠ్ఠల భజన మండలి బెల్లం గానుగలో. చక్కెర ఫ్యాక్టరీ మూతబడి, నిజాంసాగర్ కాలువ నీళ్లు తాగి ఏపుగా పెరిగిన చెరుకు ఎటు పోవాలో తెలియక పొలాల్లోనే పూత పట్టిన రోజుల్లో, మండలి పెద్ద తారాబాయి గుడి మాన్యంలో ఆ గానుగ పెట్టించింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. గుప్పెడంత ఒళ్లు, ఊరంత నోరు.

"దేవుడు గుళ్లె నిలబడితే ఏం లాభం? కడాయిల దిగాలె" అన్నది ఆవిడ మొదటిరోజే. అన్నట్టే దింపింది. భజన పాడనిదే పొయ్యి వెలగదు. ఏకాదశినాడు గానుగ తిరగదు, చెరుకు బండ్లు ఊరి బయట వరస కట్టినా సరే. బెల్లం తెల్లబడటానికి మందు కలపరు, అందుకే అది తేనె రంగులోనే ఉండేది. ఆరబెట్టేముందు ప్రతి ముద్ద మీదా టేకు చెక్కతో విఠోబా పాదాల గుర్తు అద్దుతారు. పాదాలు పడిన బెల్లాన్ని నేల మీద పెట్టరు, ఉతికిన ధోవతి మీదే పరుస్తారు. మాడిపోయిన పాకం మాత్రం మనుషులకు అమ్మరు. నల్లటి ఆ బెల్లం ఆవులకు. ఆవుకు పెట్టేది తూయకూడదని తారాబాయి అత్తగారి కాలం నాటి మాట. తూస్తే అది దానం కాదు, బేరం. అందుకని నల్లబెల్లం కాటా ఎక్కకుండానే మార్కండేయ సేటు ట్రాలీ ఎక్కేది. సేటు నిజామాబాద్ గంజ్‌లో బెల్లం వ్యాపారి, మండలి సరుకు మొత్తం ఆయనే కొనేవాడు. ఏటా పంఢరపురం పోయే విఠోబా పాలకీకి ముందు నడిచేవాడు. నల్లబెల్లాన్ని పుణ్యానికి పట్నం గోశాలకు చేరుస్తున్నానని చెప్పేవాడు.

ఇక గానుగలో తగాదాలకు తారాబాయి పెట్టిన పద్ధతి ఒకటుంది. హోలీ తాడులోంచి రెండు బారలు కోయించి, పొయ్యి పక్కన రెండు స్తంభాలకు కట్టించింది. పనివాళ్లలో ఎవరికి ఎవరి మీద కడుపుమంట ఉన్నా తాడు దగ్గరికి రావాలి. ఆవిడ తాళాలు వాయించినంతసేపూ కొట్టుకోవాలి, తాళం ఆగగానే కావలించుకోవాలి, పొయ్యి బూడిద అద్దుకోవాలి. ఒకసారి కల్యాణి అనే అధికారి పట్నం నుంచి సంఘాల పనితీరు చూడటానికి వచ్చి, "మీ సంస్థలో తగాదాలు ఎట్లా పరిష్కరించుకుంటారమ్మా?" అని కలం తీసింది. తారాబాయి నోటితో చెప్పకుండా రామ్‌దాస్‌నూ రాజనర్సునూ పిలిచి చూపించింది. రెండో గుద్దుకే కాగితం మీద ఎర్రచుక్కలు పడ్డాయి. ఆ అధికారి కలం మూసి, మంచినీళ్లు తాగి, "మీ దగ్గర పెండింగ్ తగాదాలేవీ ఉండవేమో" అని మాత్రం అన్నది.

రామ్‌దాస్ గానుగకు వచ్చింది పుణ్యం మూటగట్టుకుని కాదు. ఆరేళ్ల కిందట వాడు గుడుంబా తాగి, కూరలో కారం ఎక్కువైందని భార్య చంద్రవ్వ ఎడమచేతిని గడపకేసి విరిచాడు. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైందని పక్కింటివాళ్లు చెప్పారు. వాడికి గుర్తులేదు. తెల్లారి లేచి, "చెయ్యికి ఏమైంది?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు చంద్రవ్వ పుట్టింటికి పోయింది. వాడు మంజీర దాటి నడుచుకుంటూ పంఢరపురం పోయి, మెడలో తులసిమాల వేసుకుని, కాళ్ల నిండా బొబ్బలతో తిరిగివచ్చి తారాబాయి గడప ముందు పడ్డాడు.

చంద్రవ్వను పిలిపించింది తారాబాయే. చంద్రవ్వ వచ్చింది కానీ, పదిమందిలో ఒక మాట చెప్పి మరీ వచ్చింది. "గా మాల మెడల ఉన్నన్ని దినాలే నేను గీ ఇంట్ల ఉంట. తాడు కాడ తప్ప మనిషి మీద చెయ్యి లేసిందా, మాల పోయినట్టే. మాల పోతే నేను పోయినట్టే."

తారాబాయి వాడి చేతిలో పాకం తిప్పే తెడ్డు పెట్టింది. అది గానుగలో పెద్ద పని. పాకం ఎప్పుడు దించాలో తెడ్డు పట్టినవాడు చెప్పాలి. కొట్టడానికి పుట్టిన ఆ చేతికి పాకం ఎట్లా వశమైందో గానీ, రెండేళ్లలో రామ్‌దాస్ దించిన బెల్లానికి బోధన్‌లో పేరొచ్చింది. చంద్రవ్వ చెయ్యి మాత్రం వంకరగానే అతుక్కుంది. కుండ ఎత్తినప్పుడల్లా అది పక్కకు తిరిగేది. రామ్‌దాస్ అప్పుడు వేరే దిక్కు చూసేవాడు.

ఈ మాఘమాసంలో కడాయిలు మాడటం మొదలైంది. వారానికొకటి, తర్వాత రెండు, తర్వాత రోజు విడిచి రోజు. గానుగలో కడాయి గోడకు ఇవతల, పొయ్యి నోరు అవతల. రామ్‌దాస్ ఇవతల నుంచి "తగ్గియ్యి!" అని అరిస్తే రాజనర్సు అవతల పిప్పి తోయడం ఆపాలి. ఇద్దరూ ఒకరికొకరు కనబడరు. కేకల మీదే పని. రామ్‌దాస్ వేళకే అరిచేవాడు. అయినా పాకం అడుగంటి, కాలిన వాసన గుప్పుమనేది.

వాడు మొదట తన కళ్లనే అనుమానించాడు. బోధన్ పోయి అద్దాలు తెచ్చుకున్నాడు. ఆవిరికి అద్దాలు మసకబారి, ఉన్న చూపు కూడా పోయింది. తర్వాత తన పాత పాపమే పాకంలోకి దిగిందనుకున్నాడు. మూడు రోజులు పస్తున్నాడు. తర్వాత ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశాడు. నల్లబెల్లం ముద్దల మీద కూడా పాదాలు అద్దడం మొదలుపెట్టాడు. నల్లదానికి గుర్తు వేసే ఆచారం లేదు. కానీ నా చేతుల మాడింది కదా, ఆవు నోట్లోకైనా దేవుని పేరు మీద పోనీ అనుకున్నాడు. భక్తి ఎక్కువైనవాడు చేసే తప్పు అట్లాగే ఉంటుంది. దొంగకు కూడా తోచదు.

ఒక పొద్దున బాల్కొండ నుంచి చంద్రవ్వకు ఫోన్ వచ్చింది. చెల్లెలు గంగుబాయిని మొగుడు బసవయ్య రోకలితో కొట్టాడు. ఇద్దరూ బస్సెక్కి పోయేసరికి గంగుబాయి మంచంలో ఉంది. తలకు తొమ్మిది కుట్లు. ఒక కన్ను వంకాయలా వాచి మూసుకుపోయింది. ఇరుగుపొరుగు బసవయ్యను వాకిట్లో గుంజకు కట్టేశారు. వాడింకా మత్తులోనే ఊగుతున్నాడు.

"ఏం తాగినవ్‌రా?" అని రామ్‌దాస్ అడిగాడు.

బసవయ్య నవ్వాడు. "పాదాల సారా అన్నా. దేవుని ముద్ర ఉన్న బెల్లంతోని కాస్తరు. తల నొయ్యదు. ఒక్క చుక్క తాగితే పుణ్యం, రెండు తాగితే మోక్షం."

రామ్‌దాస్ వాడి దగ్గరికి వంగాడు. "ఏడ కాస్తరు?"

"పసుపు కల్లాల ఎన్క. రేకుల షెడ్డు."

రామ్‌దాస్ ఒక్కడే పోయాడు. ఊరి బయట కల్లాల్లో పసుపు ఉడుకుతోంది. ఆ ఆవిరి చాటున షెడ్డు ఉంది. లోపల ముగ్గురు మనుషులు, వరసగా కుండలు, సారాలో వేసే పటిక సంచి. దాని పక్కన గోనె మీద నల్లబెల్లం ముద్దలు. ప్రతి ముద్ద మీదా రెండు చిన్న పాదాలు, బొటనవేళ్లతో సహా. తన చేత్తో అద్దినవి. ఒక ముద్ద సగం కరిగి కుండలో తేలుతోంది. పాదాల్లో ఒకటే మిగిలింది.

రామ్‌దాస్ వంగి ఒక ముద్ద తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

"ఎవడ్రా నువ్వు? కింద పెట్టు" అన్నాడు ముగ్గుర్లో లావుపాటివాడు.

"గిది కింద పెట్టేది గాదు. మా గానుగ బెల్లం."

మొదటి కట్టె దెబ్బ వీపు మీద పడింది. రెండోది మోకాలి మీద. రామ్‌దాస్ కుడిచెయ్యి తనంతట తనే ముడుచుకుంది. దాన్ని వాడు చంకలో దూర్చి బిగబట్టాడు.

"మీ దగ్గర తాడున్నదా?" అని అడిగాడు.

"ఏంది?"

"తాడు. జానెడున్నా సాలు. ఒక కొస నువ్వు పట్టుకో, ఒక కొస నేను పట్టుకుంట. గప్పుడు సూద్దాం."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు. "పిచ్చోడురా వీడు! ఉరేసుకుంటడేమో!" అని నవ్వుతూనే కొట్టారు. పక్కటెముక ఒకటి లోపల టక్కుమంది. పెదవి చీలింది. కిందపడితే కడుపులో తన్నారు. బెల్లం ముద్దను మాత్రం వాడు రొమ్ము కింద పెట్టుకుని ముడుచుకుపోయాడు. తాడు లేదు, తాడు లేదు అని లోపల జపం చేసుకుంటూనే ఉన్నాడు. ముగ్గుర్నీ మూడు గుద్దులతో పడేయగల చెయ్యి అది. ఆ సంగతి వాడికీ తెలుసు, చేతికీ తెలుసు.

"మార్కండేయ సేటు పంపేదే కదరా ఇది" అన్నాడు లావుపాటివాడు ఆయాసపడుతూ. "మీ పొయ్యి కాడి మనిషే మాడబెట్టి మరీ పంపుతుండు. నీకెందుకు ఏడుపు? పాదాలు పడ్డకాడి నుంచి గిరాకీ డబుల్ అయింది. గా ముద్ర ఏసినోని కాళ్లు మొక్కాలె."

ఈ మాట కట్టెల కన్నా గట్టిగా తగిలింది. వాళ్లు రామ్‌దాస్‌ను ఈడ్చి బయట ఆరబోసిన పసుపు రాశి మీదకు విసిరారు. లేచి నిలబడేసరికి వాడు నెత్తురూ పసుపూ కలిసి పెళ్లిపందిట్లోంచి పారిపోయిన వరుడిలా ఉన్నాడు. గంగుబాయి ఇంటికి తిరిగివచ్చిన వాణ్ని చూసి చంద్రవ్వ మొదట చేతుల వంక చూసింది. వేళ్ల కణుపులు చెక్కుచెదరలేదు. "కొట్టలేదు" అని తనలో తాను అనుకుని, కొంగుతో నెత్తురు తుడిచింది. రెండు రోజుల్లో మళ్లీ వస్తానని చెల్లెలికి చెప్పి, వాణ్ని బస్సెక్కించింది.

నిజామాబాద్‌లో దిగి రామ్‌దాస్ గోశాలకు పోయాడు. ఒక ముసలాయన ఆవులకు నీళ్లు పెడుతున్నాడు.

"బెల్లమా?" అన్నాడాయన. "నేనొచ్చి మూడేండ్లాయె. బెల్లం ముక్క సూడలె. ఏ సేటు బిడ్డా?"

రామ్‌దాస్ వెనక్కి తిరిగాడు. తప్పయినా ఒప్పయినా ఇక తాడు దగ్గరే.

మర్నాడు పొద్దున గానుగలో అందరూ ఉన్నారు. రామ్‌దాస్ నల్లముద్దను ధోవతి మీద పెట్టి, చూసినదంతా చెప్పాడు. పాదాలు అద్దింది తనేనని కూడా చెప్పాడు. తారాబాయి ముద్దను చూసింది, రాజనర్సును చూసింది. రాజనర్సు తల దించుకోలేదు.

"తాడు పట్టుకో" అన్నాడు రామ్‌దాస్.

రాజనర్సు వచ్చి పట్టుకున్నాడు. తారాబాయి తాళాలు అందుకుంది.

మొదటి గుద్దు రాజనర్సుది. నిన్న విరిగిన పక్కటెముక మీదే పడింది. రామ్‌దాస్ కళ్ల ముందు తెల్లటి మంట లేచింది. వాడు తిరిగి గుద్దాడు. రాజనర్సు ముక్కు పక్కకు జరిగి, నెత్తురు చొక్కా మీదికి దూకింది. ఏటా కొట్టుకునే ముఖాలే. ఎక్కడ కొడితే ఎంత నొస్తుందో ఇద్దరికీ కంఠతా వచ్చు. కానీ హోలీనాటి గుద్దులో నవ్వు ఉండేది. ఈ రోజు లేదు. తాడు స్తంభాల దగ్గర కిర్రుకిర్రుమంది. కనుబొమ్మ చీలింది, చెవి తమ్మె తెగింది. తారాబాయి తాళం ఆపలేదు.

"దేవుని బెల్లం రా! దేవుని బెల్లం!" అని గుద్దు గుద్దుకూ అరిచాడు రామ్‌దాస్.

"ఎవని దేవుడు?" రాజనర్సు నోట్లోంచి మాటా నెత్తురూ కలిసి వచ్చాయి. "నీ దేవుడా, నా దేవుడా? నేను తాగలె. ఆలిని కొట్టలె. ఎవ్వరి చెయ్యి ఇరగ్గొట్టలె. గానుగ పెట్టిననాటి నుంచి పొయ్యి ముందల కూసున్న. రొమ్ము మీద వెంట్రుకలు కూడా కాలిపోయినయ్. నువ్వు తాగి, తన్ని, ఏడ్సుకుంట వచ్చినవ్. వచ్చిననాడే తెడ్డు నీ చేతుల! పాపం చేసి వచ్చినోనికి పీట, చెయ్యనోనికి పొగ. గిదేం దేవుడురా? సేటు ఒక్కడే అడిగిండు, నర్సన్నా, తిన్నవా అని!"

రామ్‌దాస్ పిడికిలి వాడి దవడ మీద పడింది. రాజనర్సు మోకాళ్లు వంగాయి. ఎడమచెయ్యి తాడు మీద నుంచి జారింది. వాడు నేల మీద కూర్చుండిపోయాడు.

రామ్‌దాస్ చెయ్యి గాల్లోనే ఉంది. చంద్రవ్వ స్తంభం దగ్గర నిలబడి ఆ చేతినే చూస్తోంది.

రామ్‌దాస్ వంగి, రాజనర్సు ఎడమచెయ్యి పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే విప్పి తాడు చుట్టూ వేశాడు. "పట్టుకోరా. నీ కాళ్లు మొక్కుత, పట్టుకో. కొట్టేది ఇంకా ఉన్నది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు తారాబాయి తాళం ఆగింది. ఆవిడ చెంపలు తడిగా ఉన్నాయి. "సాలు. వాడన్నది నన్ను, నిన్ను గాదు. గన్నేండ్లు పొయ్యి కాడికి పోయి ఒక్కనాడు మొకం సూడలె. కావలించుకోండ్రి."

కావలించుకున్నారు. ఎవరి నెత్తురు ఎవరిదో తెలియలేదు. తారాబాయి బూడిద అద్దింది.

అప్పుడే మార్కండేయ సేటు ట్రాలీ లోపలికి వచ్చింది. సేటు దిగాడు. తెల్లబట్టలు, నుదుట గోపీచందనం, కాళ్లకు మెరిసే బూట్లు. ఇద్దరి ముఖాలు చూశాడు, ధోవతి మీది ముద్దను చూశాడు. సంగతి అర్థమైంది. అయినా చెదరలేదు.

"అవ్వా, కోపం పక్కన పెట్టి ఆలోచించు" అన్నాడు. "తాగేటోడు ఎట్లయినా తాగుతడు. యూరియా కలిపింది తాగి సచ్చేకన్నా మీ శుద్ధమైన బెల్లంది తాగితే నయం గాదా? నేను పాదాలు అడిగిన్నా? మీరే ఏసిండ్రు. దేవుడే తన గిరాకీ తాను చూసుకున్నడు."

"తాడు పట్టుకో సేటు" అన్నది తారాబాయి.

"నేను యాపారిని. కుస్తీ పహిల్వాన్ని గాదు."

"మండలిల ఉన్నోళ్లందరికి ఒక్కటే తాడు. పాలకీ ముందల నడుస్తవ్ గదా, గీడికి నాలుగడుగులు నడువు. నీకెదురుగ నేను నిలబడ్త." ఆవిడ నిజంగానే కొంగు నడుముకు దోపి తాడు పట్టుకుంది. ఆడవాళ్లు తాడు పట్టడం ఆ ఊళ్లో ఎన్నడూ లేదు. గుప్పెడంత ఒంటికి నిమ్మకాయంత పిడికిలి. అయినా సేటు అడుగు వెనక్కి వేశాడు.

"మీ తేనెరంగు బెల్లం నేను తప్ప గంజ్‌ల ఎవడూ కొనడు. కుప్పలు పోసుకొని సూస్కుంట కూసోండ్రి" అన్నాడు. ట్రాలీ వైపు తిరిగాడు. పోతూపోతూ, తనను పట్టించే వస్తువు అదొక్కటేనని తోచిందేమో, ధోవతి మీదికి బూటుకాలు ఎత్తి నల్లముద్ద మీద వేసి తొక్కాడు. పాదాలు పిండి అయ్యాయి. ఇంకోసారి తొక్కి, బూటు తిప్పాడు.

రామ్‌దాస్ రెండు చేతులూ మెడ మీదికి పోయాయి. మాల తీశాడు. పూసలు తెంపలేదు, తొందరపడలేదు. నాలుగడుగులు నడిచి చంద్రవ్వ వంకరచేతిలో పెట్టాడు. చంద్రవ్వ "వద్దు" అన్నది. ఒక్కసారే, మెల్లగా.

వాడు వెనక్కి తిరిగి సేటు దవడను గుద్దాడు.

ఆ చప్పుడుకు గానుగ కప్పు మీది పావురాలు మంజీర అవతలిగట్టున వాలాయని ఊళ్లో అంటారు. దవడ రెండుచోట్ల విరిగింది. సేటు ట్రాలీ చక్రం మీద పడితే రామ్‌దాస్ కాలర్ పట్టి లేపి మళ్లీ గుద్దాడు. మళ్లీ గుద్దాడు. తెల్లచొక్కా బొత్తాలు, ఒక బంగారుపన్ను చెరుకు పిప్పిలోకి ఎగిరాయి. నాలుగో గుద్దుకు లేచిన చేతికి రాజనర్సు వేలాడాడు. వాడి నెత్తురు ఇంకా ఆరలేదు. "అన్నా, సస్తడు! తాడు లేదన్నా, తాడు లేదు!" అని వాడు ఏడుస్తూ అరుస్తుంటే రామ్‌దాస్ చెయ్యి దిగింది.

సేటు పోలీసు స్టేషనుకు పోలేదు. పోతే బెల్లం సంగతి కూడా రాసివ్వాలి. మెట్ల మీంచి జారానని డాక్టరుకు సైగలు చేశాడట, దవడకు తీగలు చుట్టి ఉన్నాయి కనుక. తారాబాయి మాత్రం ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ఆబ్కారీ ఆఫీసుకు పోయి, "మా బెల్లమే. తూయకుంట ఇచ్చినం, అడగకుంట ఇచ్చినం. తప్పు మాది, పట్టుకోండ్రి" అని నిలబడింది. సాయంత్రానికి బాల్కొండ షెడ్డులో కుండలు పగిలాయి. తిరిగొచ్చి ఆవిడ అత్తగారి కాలం నాటి మాట మార్చింది. ఇకనుంచి ఆవుకు పెట్టేది కూడా కాటా ఎక్కాలి. మండలి మనుషులే దాన్ని మోసుకుపోయి, ఆవు నోట్లో పడేదాకా ఉండి రావాలి.

తర్వాత ఆవిడ తెడ్డు తీసి రాజనర్సు చేతిలో పెట్టింది. వాడు చేతులు వెనక్కి లాక్కున్నాడు. "నన్ను ఎళ్లగొట్టు అవ్వా. గిది నాకొద్దు."

"బూడిద అద్దినంక ఎళ్లగొట్టుడు లేదు. మాడబెట్టిన చెయ్యే మాడకుంట సూడాలె. గదే నీకు శిక్ష." రామ్‌దాస్ వైపు తిరిగింది. "మాల లేనోడు కడాయి ముట్టొద్దు. నువ్వు పొయ్యి కాడ కూసో. గిన్నేండ్లు వాడు తిన్న పొగ ఎట్లుంటదో నువ్వు కూడ తిను."

రామ్‌దాస్ తలూపాడు. వాడికి అదంతా సమ్మతమే. వాడు చూస్తున్నది చంద్రవ్వను.

ఆమె ఇంటికి పోయి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. వాడు గడప ఇవతలే నిలబడ్డాడు.

"గాడు దేవుని పాదాలు తొక్కిండు" అన్నాడు.

"తొక్కిండు."

"గాని వల్లనే గదా నీ చెల్లెకు తల పగిలింది."

"అవును. గానికి గట్లనే కావాలె." ఆమె సంచి మూతి కట్టింది. ఒకచెయ్యి సరిగా లేకపోవడంతో ముడి పళ్లతో బిగించింది. "గని నా మాట ఇను. గప్పుడు తాగి కొట్టినవ్. తెల్వక కొట్టినవ్ అనుకున్న. గందుకే మల్ల వచ్చిన. ఇయ్యాల తాగలె. మాల తీసి, నా చేతుల పెట్టి, సోయిల ఉండి కొట్టినవ్. చెయ్యి లేసే ముందల నీ మొకం ఎట్లుంటదో నాకొక్కదానికే ఎరుక. గా మొకం మల్ల సూసిన. మంచోని కోసమా, చెడ్డోని కోసమా అని గా మొకం మీద రాసి లేదు."

వాడు చెయ్యి చాచాడు. "మాల ఇచ్చి పో" అన్నాడు. "సీజన్ అయినంక పంఢరపురం పోత. మల్ల ఏసుకుంట."

"ఇయ్య." ఆమె మాలను కొంగున కట్టుకుంది. "పంఢరపురం పోవుడు నీకు అల్కగ అయింది. ఆడ దేవుడు నడుముల మీద చేతులు పెట్టుకొని నిలబడ్తడు, ఎవ్వర్ని ఏమనడు. దమ్ముంటే బాల్కొండకు నడిచి రా. గంగుబాయి ముందల కూసో. దాని కుట్లు సూడు. నేను ఎందుకు పోయిననో, నువ్వు ఏం చేసినవో నీ నోటితోని దానికి చెప్పు. గది ఇయ్యమంటే మాల ఇస్త."

బస్సు ఎక్కించడానికి కూడా రానివ్వలేదు.

ఆ ఏడు హోలీకి తాడు కట్టారు. రామ్‌దాస్ ఆ వీధికి పోలేదు. డప్పు మోగుతున్నంతసేపూ రాజనర్సు ఎడమచెయ్యి తాడు మీద వేసి, ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకుండా ఒక్కడే నిలబడ్డాడు. డప్పు ఆగాక ఒంటి మీద గీత కూడా లేకుండా, అందరికన్నా ఎక్కువ దెబ్బలు తిన్నవాడిలా ఇంటికి పోయాడు.

ఉగాది వెళ్లాక చివరి చెరుకుబండి వచ్చింది, గానుగ ఆగింది. మర్నాడు పొద్దున రామ్‌దాస్ చెప్పులు చేతిలో పట్టుకుని బయలుదేరాడు. బోధన్ దాటి, ఎడపల్లి దాటి, మొదటిరోజు నిజామాబాద్ చేరాడు. రెండోరోజు ఎండ నెత్తికెక్కేవేళకు ఆర్మూర్ దగ్గర ఒక హోటల్ ముందు నీళ్లకు ఆగాడు. కాళ్ల బొబ్బలు, బోసిమెడ, పొగకు కమిలిన రొమ్ము చూసి హోటలాయన చెంబు అందిస్తూ అడిగాడు.

"గింత ఎండల కాలినడక! ఏ దేవుని మొక్కే అన్నా?"

రామ్‌దాస్ నీళ్లన్నీ తాగి, మూతి తుడుచుకున్నాడు.

"దేవుడు గాదు, మా మరదలు" అన్నాడు. "గామె దేవుని లెక్క ఊరుకోదు. గందుకే కొద్దిగ బుగులైతుంది."